డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి: ఒక చెల్లెలి మరణం, ఒక ఆస్పత్రి పుట్టుక

మన కళాశాల వార్షిక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని విద్యార్థి సంఘం వారు అడిగారు. ఇటువంటి సంచికల్లో సాధారణంగా దేశనాయకుల జీవితాలు, కవుల జీవితాలు వస్తుంటాయి. అవి రావలసినవే. కాని ఈసారి ఒక డాక్టరమ్మ గురించి రాయాలని నాకనిపించింది. జంతుశాస్త్రం చదువుకున్నదాన్ని, అదే పాఠం చెప్పి బతుకుతున్నదాన్ని కనుక కణం, కణ విభజన, అదుపు తప్పిన కణ విభజన అనే మాటలు నాకు నిత్యం నోట్లో నలిగేవే. అదుపు తప్పిన కణ విభజనకే క్యాన్సర్ అని పేరు. దాని మీద మన దక్షిణాదిలో మొట్టమొదట పట్టుబట్టి పోరాడినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి.

పేరు చివర రెడ్డి అని ఉండేసరికి మనవాళ్లు చాలామంది ఆమె మన వైపు మనిషే అనుకుంటారు. కాదు. ఆమె తమిళనాట పుదుక్కోట్టై సంస్థానంలో 1886 జులై 30న పుట్టింది. రెడ్డి అన్నది పెళ్లితో వచ్చిన పేరు. అయితేనేం, ఆమె చేసిన పనికీ మన నల్లగొండ, పాలమూరు జిల్లాల ఆడవాళ్ల బతుకులకీ ఉన్న సంబంధం చిన్నది కాదు. అది చెప్పడానికే ఈ వ్యాసం.

ఆమె తండ్రి నారాయణస్వామి అయ్యర్ పుదుక్కోట్టై మహారాజా కళాశాల ప్రిన్సిపాలు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టిన స్త్రీ. ఆ రోజుల్లో ఇటువంటి పెళ్లిని లోకం ఎట్లా చూసి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. తండ్రి వైపు బంధువులు దూరమయ్యారు. తల్లి పుట్టిన కులాన్ని లోకం చిన్నచూపు చూసింది. ఈ రెండింటి మధ్య పెరిగిన పిల్లకు చదువు ఒక్కటే నిలబడే చోటయింది.

ఆ చదువూ సులభంగా దొరకలేదు. ఈడొచ్చిన ఆడపిల్ల ఇల్లు దాటకూడదన్న కాలం. ఇంటి దగ్గరే చదివి మెట్రిక్యులేషన్ గట్టెక్కింది. పై చదువుకు ఊళ్లో ఉన్నది మగపిల్లల కళాశాల ఒక్కటే. ఆడపిల్లను చేర్చుకుంటే మగపిల్లలు చెడిపోతారని పెద్దమనుషులు గొడవ చేశారు. చివరికి పుదుక్కోట్టై మహారాజే కల్పించుకుని చేర్చుకోమన్నాడు, స్కాలర్‌షిప్పు కూడా ఇచ్చాడు. ఇవాళ మన తరగతి గదుల్లో ఆడపిల్లలు ముందు బెంచీల నిండా కూర్చుంటున్నారు. ఆ బెంచీ కోసం ఒకప్పుడు ఒక రాజుగారి హుకుం కావలసి వచ్చిందని వాళ్లు గుర్తుంచుకోవాలి.

1907లో ఆమె మద్రాసు వైద్య కళాశాలలో చేరింది. 1912లో పట్టం పుచ్చుకుంది. పతకాలు, బహుమతులు చాలానే వచ్చాయి. మద్రాసు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రిలో హౌస్ సర్జన్‌గా పనిచేసిన తొలి మహిళ ఆమె. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్లాడింది. పెళ్లికి ముందే ఆమె ఒక షరతు పెట్టింది: తనను సమానురాలిగా చూడాలి, తాను చేయదలచుకున్న పనికి అడ్డు రాకూడదు. ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం వేరు, మాట నిలుపుకోవడం వేరు. ఆయన నిలుపుకున్నాడనే చెప్పాలి. ఆ తర్వాత ఆమె చేసిన పనులన్నీ భర్త తోడు లేకుండా అయ్యేవి కావు.

ఇంతవరకు చూస్తే ఇది ఒక తెలివైన విద్యార్థిని కథ. కథ మలుపు తిరిగింది 1923లో. ఆ సంవత్సరం ఆమె చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయింది. వచ్చింది పెద్దపేగు చివరి భాగంలో క్యాన్సర్. మొదట దాన్ని విరేచనాల జబ్బనుకుని ఆ మందులే వాడారు. అసలు సంగతి తెలిసేసరికి చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఇంట్లో డాక్టర్లు ఇద్దరు. మద్రాసు నగరం. అయినా జబ్బు సకాలంలో పట్టుబడలేదు. ఆ బాధను ఆమె మనసు నుంచి చెరుపుకోలేదు, పనిగా మార్చుకుంది.

1925లో ఉన్నత శిక్షణ కోసం లండన్ వెళ్లింది. స్త్రీల వ్యాధులు, శిశువుల వ్యాధులు చదవడానికి వెళ్లిన ఆమెను అక్కడి రాయల్ క్యాన్సర్ హాస్పిటల్ ఎక్కువగా ఆకట్టుకుంది. ఈ జబ్బుకు ఒక ప్రత్యేకమైన ఆస్పత్రి, ప్రత్యేకమైన వైద్యం, పరిశోధన ఉండవచ్చునని, ముందుగా కనిపెడితే మనిషిని బతికించుకోవచ్చునని ఆమెకు అక్కడ రూఢి అయింది. అటువంటిది మన దేశంలోనూ ఉండాలని అప్పుడే నిశ్చయించుకుంది.

తిరిగి వచ్చేసరికి రాజకీయం ఆమెను పిలిచింది. మద్రాసు శాసనమండలికి ఆమెను నియమించారు. బ్రిటిష్ ఇండియాలో శాసనసభలో కూర్చున్న తొలి మహిళ ఆమె. సభ్యులంతా ఏకగ్రీవంగా ఆమెను ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. ఆడపిల్లల పెళ్లి వయసు పెంచాలని, దేవదాసీ ఆచారం పోవాలని ఆమె అక్కడ పోరాడింది. సంప్రదాయం పేరుతో సాటి సభ్యులే అడ్డుపడ్డారు. 1930లో గాంధీజీని అరెస్టు చేసినప్పుడు పదవికి రాజీనామా ఇచ్చింది. ఆ రోజుల్లోనే దిక్కులేని ఆడపిల్లల కోసం అవ్వై హోమ్ మొదలుపెట్టింది. తల్లి పుట్టిన కులంలోని ఆడపిల్లలను గుడికి అప్పగించే ఆచారం చట్టరీత్యా నిషిద్ధమయ్యేసరికి 1947 వచ్చింది.

ఇక్కడ మన జిల్లాల మాట ఒకటి చెప్పాలి. 1947 నాటి ఆ చట్టం మద్రాసు రాష్ట్రానికి సంబంధించింది. కనుక కోస్తా, రాయలసీమ జిల్లాలకు అది వర్తించింది. నిజాం ఏలుబడిలో ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్‌లకు వర్తించలేదు. పాలమూరు పల్లెల్లో జోగిని పేరుతో ఆ దురాచారం ఇంకా ఎన్నో ఏళ్లు సాగింది. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకంగా చట్టం చేసిన తర్వాత కాని ఇక్కడ నిషేధం రాలేదు. కృష్ణ అవతల నలభై ఏళ్ల కిందట వచ్చిన వెలుగు ఇవతలికి చేరడానికి అంత కాలం పట్టింది. ఆరోగ్యం విషయంలోనూ మన కథ ఇంచుమించు ఇదే.

మళ్లీ ఆమె దగ్గరకు వద్దాం. 1935లో మద్రాసు వైద్య కళాశాల శతజయంతి జరిగింది. ఆ సందర్భంలో ఆమె క్యాన్సర్ ఆస్పత్రి మాట బహిరంగంగా బయటపెట్టింది. మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, డబ్బిచ్చినవాళ్లు లేరు. ప్రభుత్వం తలుపు తట్టితే, క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎట్లాగూ చచ్చిపోయేవాళ్లే కదా, వాళ్లకు ఆస్పత్రి ఎందుకన్న ధోరణిలో జవాబు వచ్చింది. బతికేవాళ్ల మీద ఖర్చు పెట్టాలి గాని చచ్చేవాళ్ల మీద ఎందుకన్న లెక్క. ఆమె లెక్క వేరు. వాళ్లు చచ్చిపోతున్నది ఆలస్యంగా వస్తున్నందువల్ల, వచ్చినా వైద్యం లేనందువల్ల. రెండింటినీ సరిచేస్తే లెక్క మారుతుంది.

1949లో మహిళా సంఘం తరఫున క్యాన్సర్ సహాయ నిధి పెట్టారు. ఆమె ఇంటింటికీ, ఊరూరా తిరిగి చందాలు పోగుచేసింది. అప్పటికి ఆమెకు అరవై దాటాయి. 1952 అక్టోబరులో అడయారులో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న ఆస్పత్రి తెరుచుకుంది. ఆస్పత్రి అంటే పెద్ద మేడ అనుకోవద్దు. పన్నెండు పడకలు, చుట్టూ పాకలు. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి దాన్ని భుజాన వేసుకున్నాడు. 1955లో చేరిన డాక్టర్ శాంత 2021లో కన్నుమూసేవరకు ఆ ఆవరణను వదల్లేదు. ఆమెకు 2005లో మెగసెసే అవార్డు వచ్చింది. ఇప్పుడు అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అంటే తెలియనివారు లేరు. నెల్లూరు, చిత్తూరు నుంచి మొదలుకుని తెలుగువాళ్లు ఎందరో అక్కడికి వెళ్లి వైద్యం చేయించుకుంటూ వచ్చారు. మన వైపు వాళ్లకు 1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర ఒక క్యాన్సర్ దవాఖాన వచ్చింది. ఈనాటికీ దేవరకొండ నుంచి, అచ్చంపేట నుంచి రోగులు బస్సెక్కి పోయేది అక్కడికే.

ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుబట్టింది ఒక్క మాట మీద: జబ్బును ముందుగా కనిపెట్టాలి. అది ఇప్పుడు స్త్రీలలో అన్నిటికన్నా ఎక్కువగా వస్తున్న రొమ్ము క్యాన్సర్ విషయంలో ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. 2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో దాదాపు 1 లక్షా 92 వేలమంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. దాదాపు 98 వేలమంది చనిపోయారు. వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ మధ్య తేడా ఇంత తక్కువగా ఉండడానికి పెద్ద కారణం ఆలస్యమే.

ముందుగా కనిపెట్టే సాధనం కోసం శాస్త్రజ్ఞులు వంద ఏళ్లకు పైగా శ్రమించారు. రాంట్‌జన్ 1895లో ఎక్స్‌రేలు కనుగొన్నాడు. 1913లో బెర్లిన్‌లో సాలమన్ అనే సర్జను, కోసి తీసిన మూడు వేల రొమ్ములకు ఎక్స్‌రే తీసి, క్యాన్సర్ నీడ మామూలు కణజాలం నీడలాగా ఉండదని, సున్నపు చుక్కలు కూడా కనబడతాయని గమనించాడు. 1960 ప్రాంతంలో అమెరికాలో ఈగన్ స్పష్టమైన పటం తీసే పద్ధతి కుదిర్చాడు. 1960ల నడుమ ఫ్రాన్సులో రొమ్ము కోసమే ప్రత్యేక యంత్రం వచ్చింది. దీన్నే మామోగ్రఫీ అంటున్నాం. ఆ తర్వాత అల్ట్రాసౌండు, ఎమ్మారై, డిజిటల్ పటాలు, పొరలు పొరలుగా తీసే పటాలు వచ్చాయి. ఇటీవల స్వీడన్‌లో 80 వేలమందికి పైగా స్త్రీల పటాలను కంప్యూటరు చేత చదివించి చూశారు. క్యాన్సర్లు పట్టడంలో లోటు రాలేదు, డాక్టర్ల చదివే పని మాత్రం సగానికి దగ్గరగా తగ్గిందని 2023లో ప్రకటించారు.

యంత్రం ఉంది కదా, అందరికీ తీస్తే సరిపోదా అని మీరడగవచ్చు. అసలు వాదం అక్కడే ఉంది. 1963లో న్యూయార్కులో 62 వేలమంది స్త్రీలతో ఒక పరీక్ష మొదలుపెట్టారు. సగం మందికి మామోగ్రఫీ, చేతి పరీక్ష చేశారు, సగం మందిని మామూలుగా వదిలారు. పరీక్ష చేసినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు స్పష్టంగా తగ్గాయి. 1977లో స్వీడన్‌లో మొదలైన పరీక్షలోనూ అట్లాగే తేలింది. కాని కెనడాలో 1980 నుంచి దాదాపు 90 వేలమందితో చేసిన పరీక్షలో, ఇరవై ఐదేళ్లు గమనించినా మరణాల్లో తేడా కనబడలేదని 2014లో ప్రకటించారు. ఆ పరీక్ష జరిపిన తీరునే తప్పుపట్టినవాళ్లు ఉన్నారు. ఆ జగడం ఇంకా తెగలేదు.

వాదంలోని కీలకం విద్యార్థులు అర్థం చేసుకోదగ్గది. పటంలో మచ్చ కనబడిన ప్రతివారికీ క్యాన్సర్ ఉండదు. లేనివాళ్లను కూడా సూదితో గుచ్చి పరీక్షించాలి. ఆ రోజుల్లో వాళ్ల మనసు పడే క్షోభ కొలవడానికి యంత్రం లేదు. రెండోది, కొన్ని చిన్న క్యాన్సర్లు పెరగకుండా అట్లాగే ఉండిపోతాయి. వాటి వల్ల ప్రాణానికి ముప్పు ఉండదు. కాని పటంలో కనబడ్డాక కోయకుండా ఊరుకోలేరు. అట్లా అవసరం లేని ఆపరేషన్లు జరుగుతాయి. మూడోది, వయసులో ఉన్న స్త్రీల రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది. పటంలో అదీ తెల్లగానే, క్యాన్సరూ తెల్లగానే కనబడుతుంది. పాలల్లో సున్నపు గడ్డ వెతికినట్టు. అందుకే ఏ వయసు నుంచి తీయాలన్న విషయంలో అమెరికా నిపుణుల సంఘమే 2009లో యాభై నుంచి అని, 2024లో నలభై నుంచి అని మాట మార్చుకుంది.

మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్యుల కంటే సుమారు పదేళ్లు ముందుగా, నలభైల్లో, యాభైల మొదట్లో ఎక్కువగా వస్తున్నది. అంటే పటం సరిగా పనిచేయని వయసులోనే. పైగా అందరికీ ఏడాదో రెండేళ్లకో పటం తీసేంత యంత్రాలు, వాటిని చదివే డాక్టర్లు మనకు లేరు. అందుకని బొంబాయి టాటా ఆస్పత్రివారు 1998లో వేరే దారి పట్టారు. మురికివాడల్లోని లక్షన్నర మంది స్త్రీలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తల చేత రెండేళ్లకోసారి, నాలుగు విడతలు, చేతి పరీక్ష చేయించారు. ఇరవై ఏళ్ల ఫలితం 2021లో వచ్చింది. ఆ గుంపులో జబ్బు చిన్న దశలో పట్టుబడింది. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో మరణాలు తగ్గినట్టు తేలలేదు. ఉన్నదున్నట్టు చెప్పాలి కనుక ఇదీ చెబుతున్నాను. ఎవరి రొమ్ము వారు తడుముకుని చూసుకోవడం ఒక్కటే చాలునా అంటే, షాంఘై బట్టల మిల్లుల్లోని 2 లక్షల 66 వేలమంది స్త్రీలకు అది నేర్పి చూశారు. మరణాలు తగ్గలేదని 2002లో తేల్చారు. గడ్డ తగిలితే దాచకుండా దవాఖానకు పోవాలన్న ఎరుక మాత్రం ఎక్కడైనా మేలే చేస్తుంది.

ఈ చివరి మాటే మన జిల్లాలకు ప్రాణం. నల్లగొండ అంటే ఫ్లోరైడ్ అని దేశమంతటికీ తెలుసు. వంకరపోయిన కాళ్లు దారినపోయేవాడికి కూడా కనబడతాయి. రొమ్ములో గడ్డ కనబడదు. దాన్ని ఆడమనిషి కొంగు కింద దాస్తుంది. మా పెద్దమ్మ సంగతే చెబుతాను. మగ్గం పనికి నూలు తోడి తోడి వచ్చిన నొప్పే అనుకుంది ముందు. తర్వాత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. నొప్పి లేకపోవడమే అనుమానించవలసిన సంగతని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. మగ డాక్టరుకు చూపించాలంటే సిగ్గు. కొడుకుకు చెప్పాలంటే సిగ్గు. బిడ్డ పెళ్లి అయినంక చూద్దామనుకుంది. ఊళ్లో ఒకాయన వేడిగడ్డ అని పట్టు వేశాడు. ఏడాదిన్నర అయినంక, పుండు పడినంక పట్నం తీసుకపోయినం. ఆ పైన ఆమె బతికింది పదకొండు నెలలు. ముత్తులక్ష్మి చెల్లెలు పోయింది 1923లో. తొంభై ఏళ్ల తర్వాత కూడా మన ఇంట్లో అదే కథ. జబ్బు వేరు, ఆలస్యం ఒక్కటే.

సాధనాలు అసలే లేవనడానికి ఇప్పుడు వీల్లేదు. 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు మొట్టమొదట ఎంచుకున్న మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. క్యాన్సర్ వైద్యం అందులో ఉంది. 2016లో మహబూబ్‌నగర్‌కు, 2019లో నల్లగొండకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముప్పై ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకీ అయిదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త చేతి పరీక్ష చేయాలి. అనుమానం ఉన్నవారిని పై ఆస్పత్రికి పంపాలి. అక్కడ మామోగ్రఫీకి, అల్ట్రాసౌండుకు వాటి పని ఉంది. గడ్డ ఉన్న మనిషికి పటం తీయడంలో ఏ వాదమూ లేదు. జగడమంతా గడ్డ లేని మనిషికి తీయడం గురించే. ఈ తేడా తెలియక చాలామంది మామోగ్రఫీ వల్ల లాభం లేదట అని వినికిడి మాట పట్టుకుని, ఉన్న గడ్డను కూడా చూపించుకోకుండా ఉండిపోతారు. చదువుకున్నవాళ్లం ఆ పొరపాటును సరిదిద్దాలి.

1956లో భారత ప్రభుత్వం ముత్తులక్ష్మీ రెడ్డికి పద్మభూషణ్ ఇచ్చింది. 1968 జులై 22న ఆమె కన్నుమూసింది. ఇంకో వారం రోజులుంటే ఎనభై రెండు నిండేవి. తమిళనాడు ప్రభుత్వం ఆమె పుట్టినరోజును ఆస్పత్రుల దినంగా జరుపుతున్నది. గర్భవతులకు ధనసాయం చేసే పథకానికి ఆమె పేరు పెట్టుకున్నది. మన వైపు ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువ.

మిత్రులారా, ఆమె మందు కనిపెట్టలేదు, యంత్రం కనిపెట్టలేదు. చచ్చేవాళ్లకు ఆస్పత్రి ఎందుకన్న మాటను ఒప్పుకోలేదు, అంతే. ఆ ఒప్పుకోకపోవడంలోంచే పన్నెండు పడకలు లేచాయి, తర్వాత ఎన్నో వేల ప్రాణాలు నిలబడ్డాయి. ఈ సంచిక చేతికి అందిన విద్యార్థులు సెలవులకు ఊరికి పోతారు. తండాకు పోతారు, మగ్గాల వాడకు పోతారు. అక్కడ అమ్మ ఉంటుంది, చిన్నమ్మ ఉంటుంది, అత్త ఉంటుంది. ఈ మాట తీయడానికి ఆడపిల్లలు సిగ్గుపడవద్దు, మగపిల్లలు అది మన పని కాదనుకోవద్దు. రొమ్ములో గడ్డ తగిలినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా, నొప్పి లేదని ఊరుకోవద్దని చెప్పండి. పెళ్లి అయినంక కాదు, పంట కోసినంక కాదు, ఆ వారమే దవాఖానకు తీసుకుపొండి. బస్సు చార్జీ లేకపోతే అప్పు చేసైనా సరే. పెద్దమ్మ విషయంలో మా ఇంటికి ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు. మీ ఇళ్లల్లో మీరున్నారు.